పగడమునకు వెలుతురే యన్నము

నవరత్నములలో పగడ మొకటి యని మన యిండ్లలో చిన్నపిల్లలకు సైతము తెలియును. సూత్రములతోడ పగడమును, ముత్యమును గ్రుచ్చుకొను ఆచారము మనకు తరతరములుగా వచ్చుచున్నది. కాని యా యెఱ్ఱని పూస రాయి కాదనియు, మధ్యధరా సముద్రమున వసించు సూక్ష్మజంతువుల సమూహము తనకొఱకు కట్టుకొనిన గూడనియు నెఱిగినవారు కొందఱే. పగడము మొక్క కాదు, జంతువని 18వ శతాబ్దమున పెయ్సొనెల్ అను ఫ్రెంచి వైద్యుడు చెప్పినపుడు నాటి పండితులు పెక్కుమంది విశ్వసింపలేదు. నేడా సందేహము లేదు. బ్రతికియున్న పగడములను గాజుతొట్టిలో ఉప్పునీటి నడుమ పెంచువారు అనేక దేశములలో నున్నారు. అమెరికా మొదలగు దేశములలో కాపురముండు మన సోదరీమణులు కొందఱు ఈ వినోదమును చేపట్టి, ఏ దీపము కొనవలెను, మొదట ఏ పగడమును తెచ్చుకొనవలెను అని మమ్మడుగుచున్నారు. ఆ రెండు ప్రశ్నలును నిజమున కొక్కటే యని చూపుట యీ వ్యాసపు ఉద్దేశము.

ఈ విద్యకు పునాది వేసినవారిలో స్త్రీలుండుట మనకు సంతోషదాయకము. ఫ్రాన్సున కుట్టుపనితో జీవనము ప్రారంభించిన ఝాన్ విల్‌ప్రూ-పవర్ 1832లో సిసిలీ ద్వీపమందలి మెస్సీనాలో సముద్రజీవుల పరిశోధనకై గాజుతొట్టెలు చేయించెను. ఆనా థిన్ అను ఆంగ్లవనిత 1846లో టార్కీ తీరమునుండి బ్రతికియున్న పగడములను లండనునకు గొనిపోయి పెంచెను. నీటికి గాలి తగులుటకై, తెఱచిన కిటికీ యెదుట దాసిచేత నీటిని ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి మాటిమాటికి వంపించుచుండెడిది. నేడా పని విద్యుద్యంత్రము చేయును. అయితే ఆమె పెంచినవి చల్లని సముద్రపు పగడములు. వానికి వెలుతురుతో నంతగా పనిలేదు. నేటివారు కోరునవి ఉష్ణమండలపు పగడములు. వీని సంగతి వేఱు.

వీనిలో పెక్కింటి శరీరమున జూజాంతెల్లే యను కంటి కగపడని నాచు కాపురముండును. పగడము దానికి చోటిచ్చును. నాచు వెలుతురు సాయమున ఆహారమును వండి, అందధికభాగమును పగడమునకు పెట్టును. కావున తొట్టిపై వ్రేలాడు దీపము అలంకారము కాదు; అది యా జీవుల వంటపొయ్యి. మంట చాలనిచో ఆకలి, మించినచో మాడుట. వేడిమిగాని వెలుతురుగాని మితిమీఱినపుడు ఆ నాచు పగడమును విడిచిపోవును. అప్పుడు పగడము తెల్లబాఱి, త్వరలో కోలుకొననిచో ఆకలిచే చచ్చును. 1998లో సముద్రజలము వేడెక్కుటచే లక్షద్వీపములయందు పగడములు విస్తారముగ నశించిన దీ కారణముననే.

కాబట్టి మొదట పగడమును నిర్ణయించుకొని, పిదప దానికి తగిన దీపమును కొనవలయును. అంగడిలో మెఱయు దీపమును ముందు కొని, దాని క్రింద నేది బ్రతుకునో పరీక్షించుట ప్రాణులతో చెలగాటము.

సముద్రజలము ఎఱ్ఱని వెలుతురును పైపైననే మ్రింగివేయును. నీలి వెలుతురు మాత్రము లోతునకు దిగును. పగడములు ఆ నీలి వెలుతురునకు అలవాటుపడినవి. అందుచే ఇంటిలోని పసుపువన్నె బల్బు వానికి సరిపడదు. 10,000 మొదలు 20,000 కెల్విను వఱకు గల, నీలిచాయతో గూడిన తెల్లని దీపము కావలెను. దీపము కాల్చు వాట్లను బట్టి దాని యోగ్యతను నిర్ణయింపరాదు. ఒక చదరపు మీటరుపై సెకనున కెంత ఉపయోగకరమైన వెలుతురు పడుచున్నదో తెలుపు కొలతకు 'పార్' అని పేరు. ఉష్ణమండలమున నడిమధ్యాహ్నపు ఎండలో నిది సుమారు 2,000 ఉండును. మెత్తని పగడములకు 50 మొదలు 100 చాలును. పెద్ద పాలిప్పులుగల గట్టి పగడములకు సుమారు 100 మొదలు 150 వలయును. చిన్న పాలిప్పులుగల గట్టి పగడములు 200 మొదలు 350 వఱకు కోరును. ఈ చివరివాని జోలికి క్రొత్తవారు పోరాదు.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తుగల తొట్టిలో సుమారు 70 లీటర్ల నీరు పట్టును. దీనికి నీలి, తెలుపు వెలుతురులను వేఱువేఱుగ తగ్గించి హెచ్చింపగల ఎల్.ఇ.డి. దీపమొకటి చాలును. మెటల్ హాలైడు దీపములు నీటిని వేడిచేయును. టి5 గొట్టపు దీపములు వెలుతురును సమముగ పఱచునుగాని, వానిని సుమారు ఏడాది కొకమాఱు మార్చవలసియుండును. దీపము తొట్టి నడుమనే గాక అంచులకును వెలుగిచ్చునదిగ నుండవలెను. తొట్టిని ఎండపడు కిటికీ యొద్ద నుంచరాదు. నీరు కాగును, పనికిరాని నాచు పెరుగును.

దీపము దినమునకు 8 మొదలు 10 గంటలు వెలిగిన చాలును. పగడములకును రాత్రి కావలెను. వెలిగించుట, ఆర్పుట టైమరునకు అప్పగించిన, మన ప్రయాణములవలన, పండుగల సందడివలన వేళ తప్పదు. క్రొత్త పగడమును తెచ్చినపుడు దీపమును సగము బలముననే యుంచి, మూడు నాలుగు వారములలో క్రమముగ పెంచవలెను. పగడము మెడసాచినట్లు పైకి నిగిడి, గోధుమవన్నెకు తిరిగిన వెలుతురు చాలలేదని యెఱుగవలెను. ముడుచుకొని వెలవెలబోయిన వెలుతురు హెచ్చినదని తలచి, దానిని నీడకు దింపవలెను. అయినను నీటి దోషమువలనను నిట్టి చిహ్నములు కలుగవచ్చును గనుక నీటినికూడ పరీక్షింపవలెను.

ఇక పగడముల మాట. ప్రారంభమునకు పుట్టగొడుగు పగడములు మిక్కిలి అనుకూలములు. అడుగున నీడలో నుంచినను ఓర్చుకొనును. తోలు పగడము ఆరోగ్యముగ నున్నపుడే అప్పుడప్పుడు పైపొరను విడుచుటకై కొన్నిదినములు ముడుచుకొనును. అది చచ్చెనని పాఱవేయరాదు. గ్రీన్ స్టార్ పాలిప్ అను పచ్చనిది పచ్చికవలె ప్రాకును. జీనియా యనునది గుప్పిటలవలె తెఱచుచు మూయుచు నుండును. ఈ రెండును త్వరగా వ్యాపించి తక్కినవానిని కప్పివేయును గనుక వేఱుగ నొక రాతిపై నుంచవలెను. పగడములు ఒండొంటిని కుట్టును; జానెడెడమైన నుండుట మంచిది. సముద్రమునుండి పెఱికి తెచ్చినవానిని గాక, గులాబికొమ్మను నాటినట్లు పెంపకములోని పగడమునుండి కోసి పెంచిన తునకలనే కోరవలెను. వీనిని వర్తకులు ఫ్రాగు లందురు.

మన దేశమందలి సోదరీమణులకొక హెచ్చరిక. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద, 2001లో గట్టి పగడము లన్నియు, నల్లపగడములు, సముద్రపు విసనకఱ్ఱలు మొదలగునవి మొదటి షెడ్యూలున చేర్చబడినవి. వానిని తీయుట, అమ్ముట, కొనుట నేరము. అంగడిలో నెవరైన చూపినను కొనరాదు. మెత్తని పగడమునుగూడ అది యెక్కడనుండి వచ్చినదో తెలుపు కాగితములు చూడనిదే తీసికొనరాదు.

రెండవ హెచ్చరిక యింటివారి ప్రాణములకు సంబంధించినది. జోయాంథస్ అను చిన్నపూలవంటి పగడములను సులభముగ పెరుగునని క్రొత్తవారికి అంటగట్టుచుందురు. వీనిలోను, వీని జ్ఞాతులలోను కొన్నింట పాలిటాక్సిన్ అను ఘోరవిష ముండును. వీనిని వేడినీటితో కడిగినను, రాతితో సహా మరగబెట్టినను ఆ యావిరి పీల్చినవారు ఆసుపత్రిపాలైన సందర్భములు కలవు. చేతి గాయములద్వారా, కంటిద్వారా సైతము హాని కలుగును. పసిపిల్లలుగల యింట వీనిని పెట్టకుండుటయే మేలని మా యభిప్రాయము. ఏ పగడమును ముట్టినను చేతితొడుగులు ధరించి, పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. తొట్టి సామానును వంటపాత్రలతో కలుపరాదు.

దీపమెంత మంచిదైనను నీరు చెడిన ఫలము లేదు. వంటయింటి ఉప్పు పనికిరాదు. అక్వేరియముల కొఱకు ప్రత్యేకముగ చేసిన సముద్రపు ఉప్పును శుద్ధజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల వంతున కలుపవలెను. తొట్టి సిద్ధమైనపిదప నాలుగాఱు వారములు ఓపికపట్టి, అమ్మోనియా, నైట్రైటు రెండును సున్నయని పరీక్షలో తేలిన మీదటనే పగడమును దింపవలెను. ఆవిరియైన నీటికి బదులు మంచినీటినే పోయవలెను. ఉప్పు ఆవిరి కాదుగదా! నీటివేడి 25, 26 డిగ్రీలుండుట మేలు. మన ఆంధ్రదేశపు వేసవిలో తొట్టి సులభముగ 30 డిగ్రీలు దాటును. నీటిపై చిన్న పంకా త్రిప్పిన కొంత చల్లబడునుగాని, ఉక్కబోసెడి కోస్తాజిల్లాలలో అదియు చాలదు. చల్లబఱచు యంత్రము కావలెను. కరెంటు పోయినపుడు నీరు కదలుటకు బ్యాటరీ యంత్రమొకటి సిద్ధముగ నుండవలెను. ఈ యేర్పాట్లకు తగిన స్తోమత, తీరిక లేనివారు మంచినీటి చేపలతో తృప్తిపడుట ఉచితము. అందు చిన్నతన మేమియు లేదు.

బిడ్డకు ఆకలియెంతో యెఱిగి అన్నము కలుపు గృహిణికి ఈ విద్య క్రొత్తది కాదు. అడుగలేని ప్రాణి యాకలిని దాని రంగునుబట్టి కనిపెట్టవలసియుండుటయే యిందలి విశేషము. రెండు మూడు మెత్తని పగడములను, వాని కోర్వదగిన మితమైన దీపమును ఎన్నుకొని, ఒక సంవత్సరము కాపాడినపిదపనే మఱియొకదానిని తెచ్చుకొనుడు. తొట్టి నిండలేదని చూచువారనిన అననిండు. ఉన్నవి వాడక బ్రతికియుండుటయే పెంచినవారి నేర్పునకు గుర్తు.