ఒక్క పిల్ల కోసం పదకొండు నెలలు

పెరూలోని పూనో వైపు, 4,000 మీటర్ల పైన పంటలు సరిగా పండవు. అక్కడి కుటుంబాలకు అల్పాకాలే ఆస్తి. చూడ్డానికి టెడ్డీబేర్‌లా ముద్దొస్తాయి కానీ, పెంపకం అంత ఈజీ కాదు! చూలు పదకొండు నెలలకు పైనే. పుట్టేది మామూలుగా ఒకే పిల్ల. తల్లి ఎక్కువగా పొద్దున్నపూటే ఈనుతుంది. రాత్రి చలి ముదిరేలోపు పిల్ల ఒళ్లు ఆరి, లేచి పాలు తాగాలి కదా. ఒళ్లు తడిగా ఉండగా మంచు కురిసిందా, ఏడాది కష్టం పోయినట్టే.

మంద అంతా ఒకేచోట పెంటికలు వేస్తుంది. ఎండాక పొయ్యిలోకి అవే. ఉన్ని మాత్రం ఏడాదికోసారే కత్తిరిస్తారు. మిల్లులకు తెల్లదే ఇష్టం, ఏ రంగైనా అద్దొచ్చని. అందుకే ఏళ్ల తరబడి తెల్ల పోతులనే దాటించారు. గోధుమ, నలుపు మందలు పలచబడ్డాయి. ఇప్పుడు నల్ల అల్పాకా కావాలంటే వెతుక్కోవాలి.