పిడి చిన్నదే... పనితనం పెద్దది!

ఎన్‌సీసీ క్యాంపులో ఫైరింగ్ చేసినవాళ్లకు ఆ 'టక్' శబ్దం గుర్తుండే ఉంటుంది. పాయింట్ టూటూ రైఫిల్ బోల్ట్ పిడిని పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి తిప్పితే వచ్చే శబ్దమది. అచ్చం మన ఇంటి తలుపు గడియ పద్ధతే. తలుపు గడియ దొంగను ఆపుతుంది. రైఫిల్ గడియ మాత్రం తూటా పేలుడును ఆపుతుంది.

ఆ పిడిని కోసేసి, దాని స్థానంలో ఇంకోటి వెల్డింగ్ చేయాలంటే ఎంతసేపు పడుతుంది? 'దానిదేముంది సార్, పది నిమిషాల పని' అంటారు చాలామంది. వెల్డింగ్ వరకే అయితే నిజమే. మిగతా పని మాటేమిటి? ఫిట్టర్, వెల్డర్, మెకానికల్ డిప్లొమా, బీటెక్... ఏది చదువుతున్నా ఈ చిన్న పిడి నేర్పే పాఠం ఉద్యోగానికి పనికొస్తుంది.

అసలు పిడి ఎందుకు మార్చాలి?

జర్మనీ సైన్యం 1898లో మౌజర్ 98 రైఫిల్‌ను తీసుకుంది. దాని బోల్ట్ పిడి నిటారుగా పక్కకు పొడుచుకొచ్చి ఉండేది. ప్రపంచ యుద్ధాల తర్వాత ఈ రకం రైఫిళ్లు పెద్దసంఖ్యలో అమెరికా వేటగాళ్ల చేతికి వచ్చాయి. వాళ్లు వాటిపై టెలిస్కోప్ బిగించాలనుకున్నారు. తీరా బిగించాక పిడి పైకెత్తితే టెలిస్కోప్‌కు తగిలేది! అందుకే పాత పిడిని కోసి, కిందికి వంగిన కొత్త పిడిని అతికించే పని గన్‌స్మిత్‌లకు నిత్యకృత్యమైంది. కొలరాడోలోని ట్రినిడాడ్ స్టేట్ కాలేజీలో 1947 నుంచీ గన్‌స్మితింగ్ కోర్సు నడుస్తోందంటే ఆ వృత్తికి అక్కడున్న గిరాకీ అర్థమవుతుంది.

వేడి ఎక్కడికి వెళ్లకూడదు?

ఈ పనిలో అసలు పరీక్ష ఇదే. బోల్ట్ ముందు భాగంలో రెండు లగ్గులుంటాయి. తూటా పేలినప్పుడు బోల్ట్ వెనక్కి దూసుకురాకుండా పట్టి ఉంచేవి అవే. అమెరికాలో బాగా వాడే థర్టీ ఆట్ సిక్స్ తూటాకు అనుమతించిన గరిష్ఠ పీడనం 60,000 పీఎస్ఐ. మన కారు టైరులో ఉండేది 30-35 పీఎస్ఐ మాత్రమే. పైగా కాల్చేవారి ముఖం ఆ బోల్ట్‌కు కొద్ది అంగుళాల వెనకే ఉంటుంది.

మౌజర్ లాంటి పాత బోల్ట్‌లలో ఉక్కు పైపొర గట్టిగా, లోపలి భాగం మెత్తగా, సాగే గుణంతో ఉంటుంది. వేడి శ్రుతిమించితే పైపొర గట్టిదనం పోతుంది. పైకి చూస్తే బోల్ట్ మామూలుగానే కనిపిస్తుంది. లోపం లోపలే ఉండిపోతుంది. పిడికి దగ్గర్లోనే, బోల్ట్ వెనక భాగంలో స్ట్రైకర్‌ను వెనక్కి నెట్టే వాలు గాడి ఉంటుంది. అది మెత్తబడితే త్వరగా అరిగిపోతుంది.

అందుకే అనుభవజ్ఞులు ఆర్క్ వెలిగించడానికి ముందే వేడికి అడ్డుకట్ట వేస్తారు. బోల్ట్ లోపల వేడిని పీల్చుకునే లోహపు కడ్డీ బిగిస్తారు. ముందు భాగానికి వేడిని ఆపే పేస్టు పూస్తారు. వేడిని ఒకేచోట నిలపగలిగే టిగ్ వెల్డింగ్ ఎంచుకుంటారు. ఒక్కసారిగా లాగించేయకుండా కొంచెం వేసి, చల్లారనిచ్చి, మళ్లీ కొంచెం వేస్తారు.

వేడి ఎంత దూరం పాకిందో ఉక్కే చెబుతుంది. మెరుగుపెట్టిన ఉక్కు 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎండుగడ్డి రంగుకు, 300 డిగ్రీల దగ్గర నీలానికి తిరుగుతుంది. లగ్గుల దాకా నీలం పాకిందంటే మంచి పనివాడు ఆ బోల్ట్‌ను మళ్లీ రైఫిల్‌లో పెట్టడు. ఎంత కష్టపడినా సరే, పక్కన పడేస్తాడు.

ఫిట్టింగ్‌లో ఉంది అసలు కథ

వెల్డ్ చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. పిడిని తనవైపు లాగేస్తుంది. ముందే జిగ్‌లో బిగించకపోతే కోణం మారిపోతుంది. పిడి మొదలు కాస్త వెనక్కి జరిగినా చిక్కే. ఎందుకంటే పిడి ఎత్తుతున్నప్పుడు దాని మొదలు రైఫిల్ చట్రంలోని వాలు అంచుకు ఒరుసుకుంటూ బోల్ట్‌ను కొద్దిగా వెనక్కి నెడుతుంది. గదిలో ఇరుక్కున్న ఖాళీ తూటా గొట్టం కదిలేది ఆ నెట్టుడుతోనే. ఒరిపిడి సరిగ్గా కుదరకపోతే గొట్టం లోపలే ఉండిపోతుంది.

ఆ తర్వాత ఆకురాయి పని మొదలవుతుంది. అతుకు నునుపు చేస్తుంటే లోపల దాగిన సూది రంధ్రాలు బయటపడతాయి. అవి కనిపిస్తే ఆ చోట తవ్వి మళ్లీ నింపాలి. చట్రంలో, చెక్క పిడెంలో కొత్త పిడికి చోటు చెక్కాలి. పిడి దేనికీ ఆనకుండా కిందికి దిగాలి. ఆర్క్ వెలిగేది నిమిషాలే. కొలతలకు, బిగింపుకు, అరగదీయడానికి గంటలు పడతాయి.

మరి మనకేంటి ఉపయోగం?

ముందుగా చట్టం సంగతి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకుల తయారీకే కాదు, మార్పులకూ మరమ్మతుకూ లైసెన్సు తప్పనిసరి. తాతగారి తుపాకీ ఇంట్లో ఉందని దానిపై ప్రయోగాలు చేయొద్దు. అమెరికాలో చదువుకోవాలనుకునేవారూ ఒక విషయం గమనించాలి. కొన్ని మినహాయింపులు తప్ప, విద్యార్థి వీసా లాంటి తాత్కాలిక వీసాపై ఉన్నవారు అక్కడ తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం.

ఈ రంగంలోకి మనవాళ్లకు సరైన దారులు వేరే ఉన్నాయి. సైన్యంలోని ఈఎంఈ విభాగంలో, పోలీసు శాఖల్లో ఆయుధాల మరమ్మతు చూసే ఆర్మరర్లు ఉంటారు. ఆయుధ కర్మాగారాలు 2021 అక్టోబరు 1 నుంచి ఏడు ప్రభుత్వరంగ సంస్థలుగా మారాయి. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ, కాన్పూర్, తిరుచిరాపల్లి కర్మాగారాలు వీటిలో ఒకటైన అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందకు వస్తాయి. మన మెదక్ ఆయుధ కర్మాగారం ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్‌లో ఉంది. ఇలాంటి సంస్థలు అప్రెంటిస్ ప్రకటనలు ఇస్తుంటాయి. వాటి వెబ్‌సైట్లనూ, అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌నూ తరచూ చూస్తుండాలి.

తుపాకుల జోలికే వెళ్లనివారికీ ఇదే నైపుణ్యం కావాలి. బాయిలర్ ట్యూబులు, ఓడల పైపులైన్లు, టర్బైన్ భాగాలు... అన్నిచోట్లా వేడిని అదుపులో ఉంచడం, వెల్డ్ లాగే దిశను ముందే ఊహించడం వచ్చినవారికే విలువ. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఏడాది, ఫిట్టర్ రెండేళ్లు. ఆపై 45 డిగ్రీల వాలులో స్థిరంగా ఉన్న పైపును వెల్డ్ చేసే 6జీ పరీక్ష నెగ్గితే అవకాశాలు పెరుగుతాయి. తిరుచిరాపల్లిలోని బీహెచ్ఈఎల్ వెల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ శిక్షణ ఉంటుంది.

వర్క్‌షాప్‌లో ఇది చేసి చూడండి

ఇన్‌స్ట్రక్టర్ సమక్షంలో, హెల్మెట్, గ్లౌజులు వేసుకునే సుమా!

* రెండు ఎంఎస్ పైపు ముక్కలు తీసుకుని ఎమెరీ కాగితంతో మెరిసేలా రుద్దండి. జీఐ పైపు వద్దు. జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

* మొదటి ముక్క చివర్లో చిన్న కడ్డీని 90 డిగ్రీల్లో మామూలుగా వెల్డ్ చేయండి.

* రెండో ముక్కలో బిగుతుగా పట్టే రాగి కడ్డీ దూర్చి, జిగ్‌లో బిగించి, ఆగి ఆగి వెల్డ్ చేయండి.

* చల్లారాక రెండింట్లో నీలం రంగు ఎంత దూరం పాకిందో స్కేలుతో కొలవండి. కోణం ఎంత మారిందో చూడండి. రాసిపెట్టుకోండి.

ఇంటర్వ్యూలో 'వెల్డింగ్ వచ్చా?' అని అడిగితే అందరూ 'వచ్చు సార్' అనే అంటారు. మీరు ఆ రెండు ముక్కలూ, కొలతల కాగితమూ బల్లమీద పెట్టండి. తర్వాతి ప్రశ్న మీకు తెలిసిన పని గురించే వస్తుంది.