అక్టోబరు విప్లవం నవంబరులో ఎందుకొస్తుంది?

ఏటా నవంబరు 7న విజయవాడలోనో ఖమ్మంలోనో వామపక్ష పార్టీల ఆఫీసుల ముందు ఎర్రజెండా ఎగురుతుంది. బ్యానరు మీద ‘అక్టోబరు విప్లవ వార్షికోత్సవం’ అని రాసి ఉంటుంది. అది చదివిన బడిపిల్లలకు వచ్చే సందేహం ఒకటే. నవంబరులో అక్టోబరు విప్లవం ఏమిటి?

పెద్దలు చెప్పే జవాబు మనకు తెలిసిందే. అప్పటి రష్యా క్యాలెండరు చాలా దేశాల కంటే 13 రోజులు వెనకబడి ఉండేది. పెట్రోగ్రాడ్‌లో 1917 అక్టోబరు 25 అయిన రోజు పారిస్‌లో నవంబరు 7. అదే ఏడాది వచ్చిన ‘ఫిబ్రవరి విప్లవం’ సంగతీ ఇంతే. రొట్టె కోసం మహిళా కార్మికులు వీధుల్లోకి వచ్చిన ఫిబ్రవరి 23, మనం మహిళా దినోత్సవం జరుపుకునే మార్చి 8. జవాబు సరైనదే, కానీ సగమే. ఆ 13 ఎక్కడి నుంచి వచ్చింది? 1812 నాటి తేదీకీ 13 కలపాలా? 1690 నాటి దానికి? కలపకూడదు. ఈ చిన్న సంగతిని పట్టించుకోకపోవడం వల్ల యూరప్‌లో కొన్నిచోట్ల ఇప్పటికీ గొప్ప గొప్ప రోజుల్ని జరగని తేదీల్లో జరుపుతున్నారు.

మూలం 11 నిమిషాల్లో ఉంది. జూలియస్ సీజర్ పెట్టిన క్యాలెండరులో ఏడాదికి 365 రోజుల 6 గంటలు. నాలుగేళ్లకోసారి లీపు సంవత్సరం. ఋతువులు తిరిగి మొదటికి రావడానికి నిజంగా పట్టే కాలం 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లు. ఏడాదికి పదకొండుంపావు నిమిషాల తేడాను ఏ రైతూ గమనించడు, ఏ రాజూ గమనించడు. కానీ 128 ఏళ్లకు అది ఒక రోజవుతుంది. క్రీ.శ. 325లో నైసియాలో క్రైస్తవ మతపెద్దలు సమావేశమైన కాలంలో వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు మార్చి 21. ఈస్టర్ లెక్కంతా ఆ తేదీ మీదే నిలిచింది. పదహారో శతాబ్దానికి ఆ రోజు మార్చి 11కి జారిపోయింది. పండుగ ఋతువును తప్పుతోందన్నది చర్చి బెంగ.

ఇటలీ దక్షిణ కొసన కలాబ్రియాకు చెందిన అలోయిసియస్ లిలియస్ అనే వైద్యుడు దీనికి మార్గం చెప్పాడు. అది అమలయ్యేనాటికి ఆయన లేడు. క్లావియస్ అనే గణితజ్ఞుడు దాన్ని పూర్తిచేసి సమర్థించాడు. 1582 ఫిబ్రవరి 24 తేదీతో పోప్ 13వ గ్రెగరీ ఆజ్ఞ వెలువడింది. అందులో ఉన్నవి రెండు పనులు. ఒకటి, పేరుకున్న 10 రోజుల్ని ఒకేసారి తీసేయడం. రెండు, మళ్లీ పేరుకోకుండా ప్రతి 400 ఏళ్లలో మూడు లీపు రోజుల్ని మానేయడం. శతాబ్దపు చివరి సంవత్సరం 400తో భాగించబడితేనే లీపు. 1600 లీపు, 2000 లీపు. 1700, 1800, 1900 కావు. ఈ సూత్రం ఎంత పొందికైనదో చూడండి. 400 ఏళ్లకు 1,46,097 రోజులు. అవి సరిగ్గా 20,871 వారాలు, ఒక్క రోజు మిగలదు. అంటే 400 ఏళ్ల కింద ఇదే తేదీన ఏ వారమో ఈ రోజూ అదే వారం.

ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్, పోలండ్‌లలో 1582 అక్టోబరు 4 గురువారం తర్వాత తెల్లవారింది అక్టోబరు 15 శుక్రవారం. ఆ ఏడు అక్కడ అక్టోబరుకు 21 రోజులే. స్పెయిన్‌లో అందరూ ఆరాధించే సన్యాసిని తెరెసా ఆవిలా సరిగ్గా ఆ రాత్రే కన్నుమూశారు. ఆమె ప్రాణం పోయిన రాత్రికి ఒక పక్క 4, మరో పక్క 15. ఆమె పండుగను ఇప్పుడు అక్టోబరు 15న చేస్తారు.

క్యాథలిక్ దేశాలు సరే, పోప్ మాట ప్రొటెస్టెంట్లు ఎందుకు వింటారు? ఆర్థడాక్స్ చర్చి ఎందుకు వింటుంది? చాలా జర్మన్ ప్రొటెస్టెంట్ రాజ్యాలు, డెన్మార్క్ 1700 దాకా ఆగాయి. బ్రిటన్ 1752 దాకా, స్వీడన్ 1753 దాకా, బల్గేరియా 1916 దాకా, రష్యా 1918 దాకా, గ్రీసు 1923 దాకా. 1582 నుంచి 1923 వరకు, అంటే 341 ఏళ్లపాటు, యూరప్‌లో సరిహద్దు దాటితే తేదీ మారేది. ఇప్పుడు దేశం మారితే గడియారం ముళ్లు తిప్పుకున్నట్టు అప్పుడు వ్యాపారులు, రాయబారులు ఉత్తరాల మీద రెండు తేదీలూ వేసేవారు, పైన ఒకటి, కింద ఒకటి.

సీజర్ పాత లెక్కనూ గ్రెగరీ కొత్త లెక్కనూ కలగాపులగం చేస్తే ఏమవుతుందో 1688 చెబుతుంది. డచ్చి పాలకుడు ఆరెంజ్ విలియం ఇంగ్లండు సింహాసనం కోసం నౌకాదళంతో హాలండ్ తీరం నుంచి నవంబరు 11న బయలుదేరాడు. ఇంగ్లండులోని టోర్‌బేలో నవంబరు 5న దిగాడు. రెండూ అప్పటి కాగితాల్లో ఉన్న తేదీలే, రెండూ నిజమే. హాలండ్ కొత్త లెక్కలో ఉంది, ఇంగ్లండు పాత లెక్కలో. ప్రయాణం పట్టింది నాలుగు రోజులు.

అంతకన్నా మనకు దగ్గరి ఉదాహరణ ఏప్రిల్ 23. షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఇద్దరూ 1616లో ఇదే తేదీన పోయారన్న మాట మన పత్రికల్లోనూ ఏటా వస్తుంది. యునెస్కో 1995లో ప్రపంచ పుస్తక దినోత్సవానికి ఈ తేదీని ఎంచుకోవడానికి ఆ జంట పేర్లూ ఒక కారణం. కానీ స్పెయిన్ అప్పటికే కొత్త లెక్కలోకి వచ్చేసింది. సెర్వాంటెస్ ఏప్రిల్ 22న మరణించగా 23న ఖననం చేశారు. ఇంగ్లండు ఏప్రిల్ 23 అంటే స్పెయిన్‌లో మే 3. మాడ్రిడ్‌లో ‘డాన్ కిహోటే’ రచయితను మట్టిలో కలిపిన రోజుకు షేక్‌స్పియర్ ఇంకా స్ట్రాట్‌ఫర్డ్‌లో బతికే ఉన్నాడు, మరో 10 రోజులు బతికాడు. ఈ పొరపాటు వల్ల పుస్తక దినోత్సవానికి వచ్చిన లోటేమీ లేదు. కానీ ‘ఒకే రోజు’ అన్న మాట మాత్రం పిల్లలకు చెప్పకూడదు.

గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడన్నది ఇలాంటిదే, సైన్సు పుస్తకాల్లో పాతుకుపోయింది. గెలీలియో మరణం 1642 జనవరి 8, ఇటలీ కొత్త లెక్క. న్యూటన్ జననం 1642 క్రిస్మస్ రోజు, ఇంగ్లండు పాత లెక్క. ఇద్దర్నీ కొత్త లెక్కలోకి తెస్తే న్యూటన్ పుట్టింది 1643 జనవరి 4. ఇద్దర్నీ పాత లెక్కలోకి తెస్తే గెలీలియో పోయింది 1641 డిసెంబరు 29. ఏ లెక్కలోనైనా ఇద్దరికీ ఒకే సంవత్సరం రాదు. చెరో క్యాలెండరు నుంచి చెరో తేదీ తీసుకుంటేనే ఆ ముచ్చట కుదురుతుంది.

ఇక అసలు చిక్కు. రెండు క్యాలెండర్ల మధ్య దూరం ఒకేలా ఉండదు, పెరుగుతూ పోతుంది. కొత్త లెక్క వదిలేసిన ప్రతి శతాబ్దపు లీపు రోజునూ పాత లెక్క పాటించింది కదా. అందుకే 1582 నుంచి 1700 ఫిబ్రవరి చివరి దాకా తేడా 10. అక్కడి నుంచి 1800 దాకా 11. ఆ తర్వాత 1900 దాకా 12. 1900 మార్చి నుంచి 13. పాత తేదీని మార్చాలంటే ఆ సంఘటన జరిగిననాటి తేడాను కలపాలి తప్ప నేటి తేడాను కాదు. నియమం ఇంతే. దీన్ని దేశాలే తప్పాయి.

ఉత్తర ఐర్లండులో జూలై 12న ఆరెంజ్ సంఘాల కవాతులు పెద్దఎత్తున జరుగుతాయి. అదే విలియం 1690లో బోయిన్ నది ఒడ్డున గెలిచిన యుద్ధాన్ని తలచుకుంటారు. యుద్ధం పాత లెక్కలో జూలై 1న. పదిహేడో శతాబ్దం కాబట్టి 10 కలపాలి, జూలై 11 వస్తుంది. క్యాలెండరు మారింది 1752లో గనుక అప్పటి తేడా 11 కలిపారు. అలా జూలై 12 స్థిరపడిపోయింది. మరుసటి ఏడు ఆగ్రిమ్‌లో జరిగిన యుద్ధం పాత లెక్కలో జూలై 12నే కావడంతో మొదట్లో ఆ తేదీ దానిదే. రెండు జ్ఞాపకాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. విచిత్రమేమిటంటే, అదే విలియం దిగిన నవంబరు 5ను ఎవరూ కదపలేదు. ఆ తేదీకి 1605లోనే పార్లమెంటును పేల్చబోయిన గై ఫాక్స్ కుట్ర అతుక్కుని ఉంది. ఇంగ్లండు ఆ అంకెను కదపకుండా ఇప్పటికీ నవంబరు 5నే మంటలు వేస్తోంది. ఒకే రాజ్యంలో ఒక తేదీని మార్చారు, ఇంకోదాన్ని మార్చలేదు.

రష్యాది ఇంకా పెద్ద పొరపాటు. సైనిక విజయ దినాలను నిర్ణయిస్తూ 1995లో అక్కడ చట్టం చేశారు. పాత తేదీలన్నిటికీ ఒకే 13 కలిపేశారు. నెపోలియన్‌తో బొరొదినో యుద్ధం పాత లెక్కలో 1812 ఆగస్టు 26. ఆ శతాబ్దపు తేడా 12, అంటే సెప్టెంబరు 7. ఎదుటి పక్షమైన ఫ్రెంచి చరిత్రలో ఉన్నదీ అదే. రష్యా చట్టంలో మాత్రం సెప్టెంబరు 8. వెనక్కి వెళ్లేకొద్దీ తప్పు పెరుగుతుంది. 1380 సెప్టెంబరు 8న జరిగిన కులికోవో యుద్ధానికి 8 రోజులు కలపాల్సి ఉండగా 13 కలిపి సెప్టెంబరు 21 అన్నారు. 1242 ఏప్రిల్ 5న గడ్డకట్టిన సరస్సు మీద అలెగ్జాండర్ నెవ్‌స్కీ చేసిన యుద్ధానికి కలపాల్సింది 7 రోజులు. ఏప్రిల్ 12 కావాల్సింది 18 అయింది. ప్రాణాలొడ్డిన వాళ్ల రోజు కదా, ఒక్క పెన్సిలు లెక్కతో సరిదిద్దగలిగినదాన్ని సరిదిద్దకుండా చట్టంలో రాసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. గ్రీసు చేసిన పని నిజాయితీగా ఉంది. వాళ్ల స్వాతంత్ర్య పోరాట దినం 1821 మార్చి 25, పాత లెక్క. కొత్త లెక్కలో అది ఏప్రిల్ 6. వాళ్లు మార్చలేదు. మార్చి 25 మేరీమాతకు దేవదూత శుభవార్త చెప్పిన పండుగ రోజు. ఆ పండుగతో ముడిపడిన అంకెనే ఉంచుకున్నారు.

పోల్టావా యుద్ధానికైతే మూడు తేదీలున్నాయి. 1709లో పీటర్ చక్రవర్తి స్వీడన్ రాజు 12వ చార్లెస్‌ను ఓడించిన రోజు రష్యాకు జూన్ 27, స్వీడన్‌కు జూన్ 28, కొత్త లెక్కకు జూలై 8. స్వీడన్ ఆ 11 రోజుల్ని ఒక్కసారి తీయకుండా, 1700 నుంచి 40 ఏళ్లపాటు లీపు రోజులు మానేస్తూ మెల్లగా సర్దుదామనుకుంది. 1700లో మానేసింది. యుద్ధంలో పడి 1704, 1708లలో మానడం మరిచింది. దాంతో అటు పాత లెక్కా కాదు, ఇటు కొత్తదీ కాదు, ప్రపంచంలో ఎవరితోనూ కలవని తేదీల్లో బతికింది. చివరికి పాత లెక్కకే తిరిగి పోదామని 1712లో ఒక రోజు అదనంగా కలిపారు. ఆ ఏడు స్వీడన్‌లో ఫిబ్రవరి 30 వచ్చింది. ఆ రోజు పుట్టినవాళ్లకు ఆ పుట్టినరోజు మళ్లీ రాలేదు.

బ్రిటన్‌లో ఇంకో ముడి ఉంది. ఇంగ్లండులో 1752 దాకా సంవత్సరం మారేది మార్చి 25న. అక్కడి రాజు మొదటి చార్లెస్ తల నరికించిన ఆజ్ఞాపత్రం మీద 1648 జనవరి అనే ఉంటుంది. మనం చదివే పుస్తకాల్లో 1649. క్యాలెండరు మార్చే చట్టం వల్ల 1751 మార్చి 25న మొదలై డిసెంబరు 31తో ముగిసి 282 రోజుల సంవత్సరమైంది. 1752లో సెప్టెంబరు 2 తర్వాత 14 రావడంతో 355 రోజులే మిగిలాయి. ‘మా 11 రోజులు మాకివ్వండి’ అని జనం అల్లర్లు చేశారన్నది వట్టి కథ. హోగార్త్ గీసిన ఒక ఎన్నికల చిత్రంలోంచి పుట్టింది. పన్ను సంవత్సరంలో మాత్రం ఆ 11 ఇంకా కనిపిస్తాయి. మార్చి 25కు 11 కలిపితే ఏప్రిల్ 5. బ్రిటన్ పన్ను సంవత్సరం ఇప్పటికీ ముగిసేది ఆ రోజునే.

ఆ రెండు లెక్కలూ మన తీరానికీ వచ్చాయి. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నప్పుడు ఇంగ్లీషువారు లొంగిపోయిన తేదీ వాళ్ల కాగితాల్లో సెప్టెంబరు 10, ఫ్రెంచి కాగితాల్లో 21. ఒకే కోట, ఒకే రోజు. మన ప్రాంతపు కోస్తా చరిత్ర రాసేవాళ్లు 1752కు ముందరి కంపెనీ తేదీ దేన్ని చూసినా, అది ఎవరి కాగితం అని ముందు అడగాలి.

మనకు ఈ రెండు లెక్కల బతుకు కొత్తేమీ కాదు. ఇంట్లో తాతగారి ఫొటో కింద తేదీ ఉంటుంది, తద్దినం మాత్రం తిథికి పెడతాం. ఒకే మనిషికి ఏడాదిలో రెండు రోజులు, రెంటిలో ఏదీ అబద్ధం కాదు. సంక్రాంతి కూడా తేదీల్లో కదులుతోంది. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 ఆ ఏటి మకర సంక్రాంతి. ఇప్పుడు పండుగ 14, 15లలో వస్తోంది. మన లెక్క నక్షత్రాలది, గ్రెగరీ లెక్క ఋతువులది. ఇంచుమించు 72 ఏళ్లకు ఒక రోజు తేడా పడుతుంది.

యూరప్‌లో పాత లెక్క ఇంకా పోలేదు. రష్యా, సెర్బియా, జార్జియా చర్చిలకు క్రిస్మస్ జనవరి 7న, అంటే పాత డిసెంబరు 25న. ఉక్రెయిన్ 2023లో చట్టం చేసి తన సెలవును డిసెంబరు 25కు మార్చుకుంది. మిగిలినవారికి 2100 వస్తోంది. కొత్త లెక్కలో ఆ ఏడు లీపు కాదు, పాత లెక్కలో లీపు. అప్పటికీ క్యాలెండరు మార్చుకోకపోతే తేడా 14కు పెరిగి, 2101లో వాళ్ల క్రిస్మస్ జనవరి 8న వస్తుంది.