కొల్లేరు నేర్పిన పాఠం

చట్టం చేసినంత మాత్రాన ప్రకృతికి రక్షణ లభిస్తుందా? ఈ ప్రశ్నకు కొల్లేరు సరస్సు చరిత్రలో సమాధానం దొరుకుతుంది.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ నెలకొన్న కొల్లేరు మన దేశంలోని పెద్ద మంచినీటి సరస్సులలో ఒకటి. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు తెచ్చే వరదనీటిని ఇది తనలో ఇముడ్చుకొని, ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతంలోకి విడుస్తుంది. ఆ విధంగా పరిసర గ్రామాలకు ముంపు బాధను తగ్గిస్తుంది. శీతకాలంలో వేలాది వలస పక్షులకు ఆశ్రయమిస్తుంది.

1970ల దశకంలో పేద మత్స్యకారులకు, రైతులకు ఉపాధి కల్పించే సదుద్దేశంతో ప్రభుత్వమే సరస్సు భూములలో చేపల చెరువులను ప్రోత్సహించింది. కాలక్రమంలో కౌలు పేరిట చాలా చెరువులు ధనవంతుల చేతుల్లోకి వెళ్ళాయి. వాటి గట్లు నీటి ప్రవాహానికి అడ్డుపడ్డాయి. చెరువుల వ్యర్థాలు, పట్టణాల మురుగు కలిసి సరస్సును కలుషితం చేశాయి.

ఈ ప్రమాదాన్ని గుర్తించిన ప్రభుత్వం 1999లో ఐదవ కాంటూరు వరకు, అనగా సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు గల సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరుకు రాంసర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు లభించింది. అయినను ఆక్రమణలు తొలగలేదు. చివరకు సుప్రీంకోర్టు నియమించిన సాధికార కమిటీ జోక్యంతో 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట అధికారులు వేలాది ఎకరాల చెరువుల గట్లను తెగగొట్టించారు.

అంతటితో సమస్య తీరలేదు. చెరువులపై ఆధారపడిన పేద కుటుంబాలకు మరొక జీవనాధారం తగినంతగా చూపలేదు. వారి అసంతృప్తి రాజకీయ సమస్యగా మారింది. అభయారణ్య పరిధిని మూడవ కాంటూరుకు కుదించాలని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. అనేక చోట్ల గట్లు మళ్ళీ లేచాయి.

అయితే ప్రయత్నాలన్నీ వ్యర్థమయ్యాయని భావించరాదు. కైకలూరు సమీపంలోని ఆటపాకలో అటవీశాఖ నీటి నడుమ ఇనుప మంచెలను నిలిపింది. గూడబాతులు వాటిపై గూళ్ళు కట్టుకొని పిల్లలను పెంచుతున్నాయి. చిన్నదైనా నిరంతరం సాగిన కృషికి లభించిన ఫలితమిది.

గట్టు తెంచడం ఒకనాటి పని. అది మళ్ళీ లేవకుండా చూడడం నిత్యకృత్యం. సరస్సును నమ్ముకొన్న పేదవానికి బ్రతుకుతెరువు చూపిననాడే చట్టానికి అతడు అండగా నిలుస్తాడు. ప్రజల సహకారం లేని పర్యావరణ పరిరక్షణ నీటిమీది రాత వంటిది.