ఇసుక గడియారంతో సాగరయానం

మొన్న వేసవి సెలవులకు మా చెల్లెలు కుటుంబంతో సహా అమెరికా నుంచి వచ్చింది. తిరిగి వెళ్ళేటప్పుడు మేనల్లుడు తన పాత ఆటవస్తువు ఒకటి మా అబ్బాయి చేతిలో పెట్టి వెళ్ళాడు. కళ్ళజోడు పెట్టెలాగా మడుచుకునే చిన్న యంత్రం. తెరిస్తే పైనొక తెర, కిందనొక తెర. పక్కన దోపి వుంచిన సన్నని పుల్ల ఒకటి. ఆ పుల్లతో కింది తెరను తాకితే బొమ్మలు కదులుతాయి. జపానులోని క్యోటో నగరానికి చెందిన నింటెండో కంపెనీ 2004లో విడుదల చేసిన ‘నింటెండో డీఎస్’ అది. దాని తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది.

“మావాడు పెద్దవాడయ్యాడు గదా అన్నయ్యా, వీడాడుకుంటాడులే” అంది మా చెల్లెలు.

ఆడుకోవడమంటే అలా యిలా కాదు. వారం తిరిగేసరికి మా యింట్లో కురుక్షేత్రం మొదలైంది. అన్నానికి పిలిస్తే “ఒక్క నిమిషం నాన్నా!” స్నానానికి పిలిస్తే “ఒక్క నిమిషం నాన్నా!” ఒకనాటి రాత్రి మాత్రం ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. మూడు రోజులుగా ఒకేచోట చిక్కుకుపోయాడట. పై తెరమీద ఏదో ముద్ర, కింది తెరమీద సముద్రపు పటం. ముద్రను పటంమీద అద్దమంటుంది ఆట. వాడు పుల్లతో గీశాడు, రుద్దాడు, నోటితో వూదాడు. వూహూఁ!

ఎదురుగా కంచంలో అన్నం చల్లారిపోతున్నది. నాకు ఒళ్ళు మండి, యంత్రం లాక్కుని టప్పున మూసేశాను. వాడు ఏడుపు లంకించుకున్నాడు. “పసివాడిమీదా మీ ప్రతాపం?” అని వాళ్ళమ్మ నన్నే తప్పుపట్టింది. సరే, పోనీలెమ్మని తెరిచి యివ్వబోతే, పటంమీద ముద్ర పడి వుంది! పై తెర కింది తెరమీదికి వాలడమే ఆ చిక్కుకు విడుపు.

“నీకెలా తెలిసింది నాన్నా?” అంటూ వాడు నా వంక చూశాడు. యిన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను గాని, ఏ విద్యార్థీ నన్ను అలా చూడలేదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ మర్యాద నిలబెట్టుకోవడం కోసం ఆ ఆట నేనూ ఆడవలసి వచ్చింది. అదృష్టవశాత్తూ అందులో యిద్దరు విడివిడిగా ఆడుకునే వీలున్నది.

ఆ ఆట పేరు ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఫాంటమ్ అవర్‌గ్లాస్’. 2007లో వచ్చింది. జెల్డా ఆటల వరుస 1986లో మొదలైంది. దాని సృష్టికర్తలలో ముఖ్యుడైన షిగేరు మియమోతో, చిన్నతనంలో తాను వూరి చుట్టూ కొండలూ గుహలూ వెతుక్కుంటూ తిరిగిన అనుభవమే ఆ ఆటకు మూలమని చెప్పాడు.

కథ మన జానపద చిత్రాల బాణీలోనే వున్నది. లింక్ అనే కుర్రవాడు, టెట్రా అనే ఓడదొంగల నాయకురాలు సముద్రంమీద పోతూ దయ్యాల ఓడ నొకదాన్ని చూస్తారు. టెట్రా అందులోకి దూకి మాయమవుతుంది. ఆమెకోసం లింక్ దీవి తరువాత దీవిగా వెతుకుతాడు. కాశీమజిలీలలో మజిలీకొక కథ వున్నట్లే, యిక్కడ దీవికొక చిక్కు. తోడుగా లైన్‌బెక్ అనే ఓడ యజమాని వుంటాడు. నిధులంటే ఆశ, ప్రాణమంటే తీపి. కుర్రవాణ్ణి ప్రమాదంలోకి పంపి తాను ఓడలో కూర్చుంటాడు. చివరికి ఆ పిరికివాడే కత్తి పట్టుకునే ఘట్టం నాకు నిజంగా నచ్చింది.

యిక గుణాలు చెబుతాను. నడవడం, కత్తి దుయ్యడం అన్నీ పుల్లతోనే. బూమరాంగు ఏ దారిన పోయి రావాలో తెరమీద గీత గీస్తే అది ఆ గీత వెంటే పోతుంది. ఓడకూ అంతే. అన్నిటికన్న గొప్ప సంగతి, పటాలమీద మన చేతివ్రాతతో గుర్తులు వ్రాసుకోవచ్చు. ఒక గదిలో మీటలు ఏ వరుసలో లాగాలో యింకొకచోట తెలుస్తుంది. వ్రాసుకోనివాడు మళ్ళీ వెనక్కి నడవాలి. పుస్తకం అంచున పెన్సిలుతో గుర్తు పెట్టుకోండని క్లాసులో ఎన్ని సార్లు మొత్తుకున్నా పెట్టుకోని పిల్లలున్నారు. మా అబ్బాయి చేత ఆ పని యీ ఆట చేయించింది.

యంత్రానికి చెవి కూడా వున్నది. దీపాలు ఆర్పాలంటే నిజంగానే వూదాలి. ఒక దీవిలో సముద్రపుటడుగునుంచి నిధులు లాగే పరికరం అమ్ముతారు. ఎంత గట్టిగా అరిస్తే ధర అంత తగ్గుతుంది. మావాడి అరుపుకు పక్కింటివారు పరుగెత్తుకొచ్చారు.

దోషాలు లేవా అంటే వున్నాయి. వ్రాసే చెయ్యే తెరకు అడ్డం వస్తుంది. లింక్‌చేత పల్టీ కొట్టించాలంటే పుల్లతో చిన్న సున్నా చుట్టాలి. నేను సున్నా చుడితే వాడు పరుగెత్తేవాడు. ఓడకు దారి గీశాక, ఫిరంగి పేల్చడం తప్ప చేయవలసిన పని అంతగా వుండదు. పైగా సంభాషణలన్నీ తెరమీద చదువుకోవలసినవే. వాటిలో తెలుగు లేదు. యింగ్లీషు తడుముకునే పిల్లలకు పెద్దల సాయం కావాలి.

అసలు వివాదం సముద్రరాజు ఆలయం గురించి. ఆ ఆలయంలో అడుగుపెడితే ఆయువు హరించుకుపోతుంది. ఇసుక గడియారంలో యిసుక వున్నంతసేపే రక్షణ. కత్తికి లొంగని భటులు కాపలా తిరుగుతుంటారు. వాళ్ళ కంటబడకుండా, అక్కడక్కడా వుండే క్షేమస్థలాల్లో ఆగుతూ, అంతస్తు వెంట అంతస్తు దిగాలి. ఆ స్థలాల్లో నిలబడితే యిసుక రాలదు. చిక్కేమిటంటే, కథ ముందుకు సాగాలంటే మళ్ళీ మళ్ళీ అదే ఆలయానికి రావాలి, దిగిన అంతస్తులే దిగాలి. సగం దూరంనుంచి మొదలుపెట్టే సౌకర్యం తరువాత దొరుకుతుంది గాని, అప్పటికే విసుగు పుడుతుంది. 2009లో వచ్చిన తరువాతి ఆట ‘స్పిరిట్ ట్రాక్స్’లో యిలాంటి గోపురమే వున్నా, ఎక్కిన అంతస్తులు మళ్ళీ ఎక్కనవసరం లేదు.

అయినా ఆ ఆలయం పూర్తిగా దండగ అనలేను. కొత్త పనిముట్టు చేతికి వచ్చాక వెళ్ళితే, మొదట కనిపించని అడ్డదారి కనిపిస్తుంది. పది నిమిషాలు పట్టినది మూడింట తెమిలిపోతుంది. చదివిన పద్యమే రెండోసారి చదివితే కొత్త అర్థం స్ఫురించడం లాంటిదది. కాని నాలుగోసారీ అదే పద్యమంటే పండితుడికైనా ఆవులింత రాకపోదు.

మన పూర్వులు ముహూర్తం తప్పకుండా గడియకుడుక పెట్టి కనిపెట్టుకుని కూర్చునేవారు. కాలం కళ్ళముందు పోతూ వుంటే దాని విలువ తెలుస్తుంది. మా యింట్లో యిప్పుడు రోజుకు అరగంట ఆట. అది అయ్యాక వాడే మూసేస్తున్నాడు. “యిసుక అయిపోయింది నాన్నా” అంటాడు.

నిన్న మనసు వుండబట్టక నిజం చెప్పేశాను. “ఆరోజు నాకేమీ తెలియదురా. కోపంతో మూశానంతే” అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, యంత్రం నా చేతిలో పెట్టి అన్నాడు:

“యింకోచోట ఆగిపోయాను నాన్నా. మళ్ళీ ఒకసారి కోపం తెచ్చుకోవూ?”