శాస్త్రనియమమే కథాకారణం: ‘ది ఎక్స్‌పాన్స్’ టెలివిజన్ ధారావాహిక – పరిశీలన

వ్యాససంగ్రహం

వైజ్ఞానిక కల్పనను అంచనా వేసేటప్పుడు ‘ఇందులో సైన్సు ఎంత నిజం?’ అన్న ప్రశ్న తరచు తలెత్తుతుంది. ఈ ప్రశ్న రచనలోని తప్పుల లెక్క తేలుస్తుందే గాని, రచన స్వభావాన్ని తేల్చదు. శాస్త్రనియమం కథలో నేపథ్యంగా మిగిలిందా, సంఘటనలకు కారణంగా పనిచేసిందా అన్నది అంతకంటే మౌలికమైన ప్రశ్న. ‘ది ఎక్స్‌పాన్స్’ (2015–2022) ధారావాహికను ప్రధాన ఆకరంగా తీసుకొని ఈ భేదాన్ని నిరూపించడం, తెలుగు విమర్శకు ఉపయోగపడే కొన్ని ప్రమాణాలను సూచించడం ఈ వ్యాసోద్దేశ్యం.

కీలకపదాలు: వైజ్ఞానిక కల్పన, టెలివిజన్ ధారావాహిక, శాస్త్రబద్ధత, గురుత్వాకర్షణ, ఔచిత్యం, కల్పితభాష.

1. ప్రవేశిక

అమెరికాలో 1966లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ టెలివిజన్ వైజ్ఞానిక కల్పనకు విస్తృతమైన ప్రేక్షకవర్గాన్ని సంపాదించింది. అందులో మనుషులను ఒకచోట మాయంచేసి మరొకచోట ప్రత్యక్షం చేసే ‘ట్రాన్స్‌పోర్టర్’ యంత్రం అందరికీ తెలిసినదే. వారం వారం ఒక నౌక గ్రహాలపై దిగే దృశ్యాలను చిత్రీకరించాలంటే ఖర్చు భరించలేనిది కావడంతో నిర్మాతలు ఈ యంత్రాన్ని కల్పించారు. అంటే ఆ కల్పనకు మూలం భౌతికశాస్త్రం కాదు, నిర్మాణవ్యయం. మన దూరదర్శన్‌లో 1998లో ప్రసారమైన కేతన్ మెహతా ‘కెప్టెన్ వ్యోమ్’ కూడా అంతరిక్షాన్ని ప్రధానంగా సాహసగాథకు రంగస్థలంగానే వాడుకొంది.

ఇటువంటి రచనలకు వాటి విలువ వాటికుంది. అయితే శాస్త్రనియమాన్ని తప్పించుకోవడానికి కాక, దానికి కట్టుబడటానికే కథను అల్లిన ధారావాహికలు కూడా ఉన్నాయి. రెండింటినీ ‘సైన్స్ ఫిక్షన్’ అన్న ఒకే మాటతో పిలవడం వల్ల విమర్శలో గందరగోళం ఏర్పడుతోంది.

2. శాస్త్రబద్ధత – భావన

1970లలో డార్కో సూవిన్ వైజ్ఞానిక కల్పనను నిర్వచిస్తూ, పాఠకుడిని పరిచితలోకం నుంచి దూరంగా తీసుకుపోవడం, ఆ దూరాన్ని తర్కజ్ఞానంతో సమర్థించడం అనే రెండు లక్షణాలను ప్రధానంగా పేర్కొన్నాడు. మొదటి లక్షణం జానపద కథలోనూ ఉంటుంది. రాజకుమారుడు కీలుగుర్రమెక్కి ఎగిరిపోతే, ఆ గుర్రం ఏ ఇంధనంతో ఎగిరిందని శ్రోత అడగడు. వైజ్ఞానిక కల్పనలో మాత్రం ఆ ప్రశ్న న్యాయమైనది. రచయిత దానికి పూర్తి సమాధానం చెప్పకపోవచ్చు గాని, అటువంటి ప్రశ్న ఉందన్న స్పృహ రచనలో కనిపించాలి.

భారతీయ అలంకారశాస్త్రంలోని ఔచిత్య భావన ఇక్కడ మనకు తోడ్పడుతుంది. అనౌచిత్యమే రసభంగానికి హేతువని ఆనందవర్ధనుడు భావించాడు. క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా ప్రతిపాదించాడు. దేశకాలపాత్రలకు తగిన వర్ణన ఉండాలన్నది ఆ సిద్ధాంతసారం. అంతరిక్షం కథాస్థలమైనప్పుడు ‘దేశం’ అంటే అక్కడి గురుత్వాకర్షణ, వాతావరణం, దూరం; ‘కాలం’ అంటే కాంతి ప్రయాణించడానికి పట్టే వ్యవధి కూడా. కనుక శాస్త్రబద్ధతను దేశకాలౌచిత్యానికి ఆధునిక విస్తరణగా గ్రహించవచ్చు.

3. ధారావాహిక పరిచయం

‘ది ఎక్స్‌పాన్స్’కు మూలం ‘జేమ్స్ ఎస్. ఎ. కోరీ’ అన్న కలం పేరుతో డేనియల్ ఏబ్రహాం, టై ఫ్రాంక్ కలిసి రాసిన నవలామాల. మొదటి నవల 2011లోనూ, తొమ్మిదవదీ చివరిదీ అయిన నవల 2021లోనూ వెలువడ్డాయి. ధారావాహిక 2015 డిసెంబరులో సైఫై చానల్‌లో ప్రారంభమైంది. మూడు సీజన్ల తర్వాత 2018లో ఆ చానల్ విరమించుకోగా, అమెజాన్ సంస్థ మరో మూడు సీజన్లు నిర్మించింది. మొత్తం 62 భాగాలు.

నిర్మాణ, రచనా బాధ్యతలు చూసిన నరేన్ శంకర్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భౌతికశాస్త్రం, విద్యుత్ ఇంజనీరింగ్ రంగాలలో డాక్టరేట్ పొందినవాడు. అంతకుముందు ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’కు శాస్త్ర సలహాదారుగా పనిచేశాడు. ట్రాన్స్‌పోర్టర్ ఉన్న లోకం నుంచి వచ్చిన రచయిత అది లేని లోకాన్ని నిర్మించడం గమనించదగ్గది.

కథాకాలం నేటికి కొన్ని శతాబ్దాల తర్వాతిది. భూమి ఐక్యరాజ్యసమితి పాలనలో ఉంటుంది. అంగారకుడు స్వతంత్ర సైనికశక్తి. ఈ రెండింటికీ కావలసిన ఖనిజాలను, మంచును తవ్వి అందించే శ్రామికులు గ్రహశకల వలయంలో, బృహస్పతి, శని ఉపగ్రహాల పరిసరాల్లో బతుకుతుంటారు. వీరిని ‘బెల్టర్లు’ అంటారు. మంచు మోసే ‘క్యాంటర్‌బరీ’ నౌక విధ్వంసంతో కథ మొదలవుతుంది. నీటికోసం మంచును కోట్ల కిలోమీటర్లు మోసుకురావలసిన చోట నీరే రాజకీయమవుతుంది.

4. శాస్త్రనియమాలు – కథానిర్మాణం

4.1 త్వరణం

చాలా అంతరిక్ష చిత్రాలలో నౌక విమానంలా ఉంటుంది. పాత్రలు నేలమీద నడిచినట్లే అందులో నడుస్తారు. ఆ బరువు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పరు. ‘ఎక్స్‌పాన్స్’లో నౌక బహుళ అంతస్తుల మేడ వంటిది. ఇంజను అడుగున ఉంటుంది, అంతస్తులు దానిపై ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. ఇంజను మండుతూ నౌకను ముందుకు నెడుతున్నంతసేపు లోపలివారికి పాదాలకింద బరువు తెలుస్తుంది. ఇంజను ఆగిన మరుక్షణం అన్నీ తేలిపోతాయి. సగం దూరం వెళ్లాక నౌక వెనక్కి తిరిగి, అదే ఇంజనుతో వేగం తగ్గించుకుంటూ గమ్యాన్ని చేరుతుంది.

ఈ ఒక్క నియమం నుంచి అనేక సంఘటనలు పుడతాయి. యుద్ధంలో శత్రు క్షిపణి కంటే ముందుగా నౌక త్వరణమే మనిషిని చంపవచ్చు. అందుకే పాత్రలు కుర్చీలకు కట్టుకొని, శరీరం తట్టుకోవడానికి మందు ఎక్కించుకుంటారు. ఇంజను కనుగొన్న సాలమన్ ఎప్‌స్టీన్ కథ దీనికి పరాకాష్ఠ. తన యంత్రం ఊహించిన దానికంటే గొప్పగా పనిచేయడమే అతని మృత్యువుకు కారణమవుతుంది. త్వరణం అతన్ని కుర్చీకి అదిమేయడంతో, కళ్లెదుట ఉన్న నియంత్రణను చేయి చాచి అందుకోలేకపోతాడు. ఇక్కడ విషాదానికి ప్రతినాయకుడు లేడు. విజయమే వినాశహేతువు కావడం ప్రాచీన విషాదాంత నాటకాలకు తగిన వస్తువు. న్యూటన్ సూత్రం ఇక్కడ విధి పాత్రను నిర్వహించింది.

4.2 శరీరం

భారరహిత స్థితిలో వ్యోమగాములు తుంటి వంటి బరువు మోసే ఎముకలలో నెలకు సుమారు 1 నుంచి 1.5 శాతం ఖనిజసాంద్రతను కోల్పోతారు. వెన్నెముక కొంత సాగుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో రోజూ తప్పనిసరిగా వ్యాయామం చేయడం అందుకే. తరతరాలుగా అల్పగురుత్వంలో పుట్టి పెరిగితే మనిషి ఏమవుతాడన్నది ఈ వాస్తవానికి సహజమైన కొనసాగింపు. ధారావాహికలో బెల్టర్లు పొడవుగా, పెళుసైన ఎముకలతో ఉంటారు. భూమిపై నిలబడటమే వారికి నరకం. మొదటి సీజన్‌లో ఐక్యరాజ్యసమితి అధికారిణి అవసరాల ఒక బెల్టరును విచారించేటప్పుడు వేరే హింసాపరికరం అవసరం కాలేదు. భూమి గురుత్వాకర్షణలో అతన్ని వేలాడదీయడమే చిత్రహింస.

నాలుగో సీజన్‌లో నయోమి నాగాటా ఒక కొత్తగ్రహంపై దిగడానికి మందులు వాడుతూ సాధన చేస్తుంది. దిగుతుంది కూడా, కాని శరీరం సహకరించక నౌకకు తిరిగివస్తుంది. వలస, మాతృభూమి, పరాయితనం అన్న చిరపరిచిత సాహిత్యవస్తువులు ఇక్కడ ఎముకల స్థాయికి చేరాయి. మిగిలిన మానవాళి ఇల్లుగా భావించే చోట ఆమె శరీరం నిలవలేదు.

ఐదో సీజన్‌లో ఆమె అంతరిక్ష సూటు లేకుండా ఒక నౌక నుంచి మరొక నౌకకు దూకే ఘట్టం కూడా అసంభవం కాదు. 1966 డిసెంబరులో హ్యూస్టన్‌లోని నాసా శూన్యగదిలో సూటు పరీక్షిస్తుండగా గాలిగొట్టం ఊడిన జిమ్ లబ్లాంక్ సుమారు 14 సెకన్లలో స్పృహ తప్పాడు. నాలుకమీది తడి మరుగుతున్నట్లు అనిపించడం తనకు చివరిగా గుర్తున్న సంగతి అని చెప్పాడు. వెంటనే గది పీడనాన్ని పెంచడంతో బతికాడు. శూన్యంలో మనిషి తక్షణం పేలిపోడు, గడ్డకట్టడు. అతనికి కొన్ని క్షణాలు మిగులుతాయి. నయోమి ఆమ్లజని నింపిన రక్తాన్ని ఎక్కించుకొని ఆ క్షణాలను మరికొంత పొడిగించుకుంటుంది. దృశ్యంలోని ఉత్కంఠ అంతా ఆ కొద్ది వ్యవధిలోనే ఉంది.

4.3 భాష

సాహిత్య, భాషా పరిశోధకులకు ఆసక్తి కలిగించే అంశం బెల్టర్ల మిశ్రమభాష. టెలివిజన్ కోసం దీనిని నిక్ ఫార్మర్ రూపొందించాడు. పలుదేశాల కూలీలు ఒకచోట చేరినప్పుడు మిశ్రమభాషలు ఏర్పడటం చరిత్రలో చూసినదే. ఈ భాషలో తమవారిని ‘బెల్టాలౌడా’ అని, లోపలి గ్రహాలవారిని ‘ఇన్యాలౌడా’ అని పిలుస్తారు. స్వజనద్రోహిని ‘వెల్‌వాలా’ అంటారు. గ్రహ గురుత్వాన్ని బావితో పోల్చే శాస్త్రపరిభాష నుంచి వచ్చిన ఈ మాటకు ‘బావివాడు’ అని అర్థం చెప్పుకోవచ్చు. అందులోని ‘వాలా’ మనకు హిందీ, ఉర్దూల ద్వారా పరిచితమైన ప్రత్యయాన్నే గుర్తుకు తెస్తుంది. ఒక భౌతికశాస్త్ర ఉపమానం తిట్టుగా మారడం భాషా సామాజికశాస్త్ర దృష్టితో చూస్తే సహజమైన పరిణామం. బెల్టర్లు మాటలతోపాటు పెద్దపెద్ద చేతిసైగలు వాడటం కూడా ఇటువంటిదే. సూటు తొడుక్కున్నవాడి ముఖకవళికలు ఎదుటివాడికి కనబడవు, చేతులే మాట్లాడాలి.

5. స్వేచ్ఛలు – పరిమితులు

శాస్త్రబద్ధమైనదని పేరు పొందిన రచనలో కూడా కల్పనకు స్వేచ్ఛ ఉంటుంది. ఆ స్వేచ్ఛ ఎంతటిదో ఇంటర్మీడియట్ స్థాయి గణితంతోనే తేల్చవచ్చు.

మొదటిది ఇంజను. భూమి–అంగారకుల మధ్య కనిష్ఠదూరం సుమారు 5.6 కోట్ల కిలోమీటర్లు. సగం దూరం భూగురుత్వానికి సమానమైన త్వరణంతో వేగం పెంచి, మిగిలిన సగం అంతే త్వరణంతో తగ్గిస్తే ప్రయాణం దాదాపు 42 గంటల్లో ముగుస్తుంది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న గాని అంగారక కక్ష్యకు చేరలేదు. ఈ తేడాకు మూల్యం ఉంది. 42 గంటల ప్రయాణంలో నౌక వేగం నడిదారిలో సెకనుకు సుమారు 740 కిలోమీటర్లు ఉండాలి. తర్వాత అంత వేగాన్నీ తగ్గించుకోవాలి. నేటి ఉత్తమ రసాయన రాకెట్ల నుంచి వెలువడే వాయువుల వేగం సెకనుకు 4.5 కిలోమీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. కనుక ఎప్‌స్టీన్ ఇంజను స్పష్టమైన కల్పన. అయితే అది ఒక్కసారి కోరిన మినహాయింపు. ఆ తర్వాతి పర్యవసానాలన్నీ నియమానుసారంగానే సాగుతాయి.

రెండవది సిరీస్ అనే మరుగుజ్జు గ్రహం. దీని వ్యాసం సుమారు 940 కిలోమీటర్లు. కథలో దీన్ని వేగంగా తిప్పి, లోపల నివసించేవారికి భూమిలో మూడు పదోవంతుల బరువు కల్పించారు. అందుకు అది దాదాపు 42 నిమిషాలకొకసారి తిరగాలి. వాస్తవంలో ఒక భ్రమణానికి సుమారు 9 గంటలు పడుతుంది. సిరీస్ సహజ గురుత్వం భూమిలో మూడు శాతం లోపే. తనను తాను పట్టి ఉంచే బలానికి పదింతల బలం బయటికి లాగితే మంచు, రాయి కలిసిన ఆ గోళం నిలవదు. సాంకేతికతతో బిగించారని సరిపెట్టుకోవాలి.

మూడవది మరింత సూక్ష్మమైనది. డిటెక్టివ్ మిల్లర్ గ్లాసులో మద్యం పోస్తుంటే ధార వంకర తిరిగే దృశ్యం శాస్త్రబద్ధతకు ఉదాహరణగా ప్రశంసలు పొందింది. భ్రమణం వల్ల కలిగే కొరియాలిస్ ప్రభావం నిజమే. కాని సిరీస్ అంత పెద్ద గోళంలో, సెకనుకు ఒక మీటరు వేగంతో పడే ధారపై ఆ ప్రభావం అక్కడి బరువులో దాదాపు ఆరువందల వంతు మాత్రమే. కంటికి కనిపించదు. అంటే ప్రశంస పొందిన దృశ్యమే అతిశయోక్తి. ఇది దోషమా? కథాస్థలం భూమి కాదని సంభాషణ లేకుండా తెలియజేయడమే ఆ దృశ్య ప్రయోజనం. పరిమాణం పెంచినా, లేని నియమాన్ని కల్పించలేదు. అతిశయోక్తికి, అసంబద్ధతకు అలంకారికులు పాటించిన భేదమే ఇక్కడా వర్తిస్తుంది.

6. మరొక మార్గం: ‘ఫర్ ఆల్ మ్యాన్‌కైండ్’

2019లో మొదలైన ఈ ధారావాహికది భిన్నమైన పద్ధతి. ఇది శాస్త్రాన్ని కాక చరిత్రను మారుస్తుంది. సోవియట్ రాకెట్ రూపశిల్పి కొరల్యోవ్ 1966లో మరణించక జీవించి ఉన్నాడని, సోవియట్ యూనియన్ ముందుగా చంద్రుణ్ని చేరిందని ఊహిస్తుంది. కథలో 1971లో అమెరికా వ్యోమగాములు చంద్రుని దక్షిణధ్రువం వద్ద షాకిల్టన్ బిలంలో మంచు కనుగొంటారు. వాస్తవంలో చంద్రుడిపై నీటి జాడను ధ్రువపరచడంలో 2008లో శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-1 పాత్ర ప్రముఖమైనది. అంటే మనం ఆలస్యంగా తెలుసుకున్న సత్యాన్ని కథ ముందుకు జరిపింది. శాస్త్రం యథాతథంగా ఉండగా, దానిని ఉపయోగించుకునే రాజకీయ సంకల్పం మాత్రమే మారింది.

7. తెలుగు విమర్శకు ప్రాసంగికత

తెలుగులో వైజ్ఞానిక కల్పనపై చర్చ వచ్చినప్పుడు ‘ఆదిత్య 369’ (1991) ప్రస్తావన తప్పక వస్తుంది. ఆ చిత్రంలో కాలయంత్రం శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలోకి, భవిష్యత్తులోకి తెరచుకునే ద్వారం. యంత్రం ఎలా పనిచేస్తుందన్నది అక్కడ ప్రధానం కాదు. దానిని ఎక్స్‌పాన్స్ ప్రమాణంతో కొలవడం అన్యాయం. అట్లాగే ఉపగ్రహాల నేపథ్యంతో వచ్చిన ‘అంతరిక్షం 9000 కెఎంపీహెచ్’ (2018) వంటి చిత్రాన్ని కేవలం సాహసగాథగా చదవడమూ అసమగ్రమే. రచన ఏ ఒప్పందంతో ప్రేక్షకుడి ముందుకు వచ్చిందో గుర్తించి, ఆ ఒప్పందాన్ని బట్టి దాన్ని అంచనా వేయాలి. ఇందుకు మూడు ప్రశ్నలు తోడ్పడతాయి.

ఒకటి: శాస్త్రాంశాన్ని తొలగిస్తే కథ నిలుస్తుందా? రెండు: రచన కోరిన మినహాయింపులు ఎన్ని, వాటి పర్యవసానాలను అది చివరివరకు పాటించిందా? మూడు: నియమం యంత్రాల దగ్గరే ఆగిందా, మనుషుల శరీరం, భాష, అధికార సంబంధాల వరకు చేరిందా?

మూడవ ప్రశ్న సాహిత్య విద్యార్థిది. మొదటి రెండింటి కోసం కొంత గణితం అవసరమైనా, ఆ కారణంగా ఈ ప్రక్రియను భౌతికశాస్త్ర విభాగానికి వదిలివేయడం తగదు.

8. ముగింపు

- శాస్త్రబద్ధత అంటే తప్పులు లేకపోవడం కాదు. నియమం కథకు కారణంగా పనిచేయడం.
- ‘ఎక్స్‌పాన్స్’లో త్వరణం విషాదానికి, గురుత్వం పీడనకు, శూన్యం భాషాసంకేతాలకు కారణమయ్యాయి.
- ఇంజను, సిరీస్ భ్రమణం వంటి విషయాలలో ధారావాహిక వాస్తవాన్ని దాటింది. ఆ స్వేచ్ఛలు పరిమితమైనవి, గుర్తించదగినవి.
- ఔచిత్య సిద్ధాంతాన్ని భౌతిక దేశకాలాలకు విస్తరింపజేస్తే, వైజ్ఞానిక కల్పన విమర్శకు మన సంప్రదాయం నుంచే పరిభాష లభిస్తుంది.

తెలుగులో వచ్చిన వైజ్ఞానిక కథలను, నవలలను, చిత్రాలను ఈ మూడు ప్రశ్నల వెలుగులో వర్గీకరించే పరిశోధన ఇకముందు జరగవలసి ఉంది.