పొలము గట్టునుండి సముద్రతీరమునకు

సముద్రములోని జీవరాసులను పరిశోధించువారు పల్లెకారులలోనో రేవుపట్టణములలోనో పుట్టుదురని మన రైతు సోదరులు తలంతురు. రేచెల్ కార్సన్ అట్లు పుట్టలేదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, స్ప్రింగ్‌డేల్ అను ఊర, 65 ఎకరముల కమతములో 1907లో జన్మించెను. సముద్రము అచ్చటికి వందల మైళ్ల దూరము.

రచయిత్రి కావలెనని కాలేజిలో చేరి, జీవశాస్త్రపు పాఠములు రుచించి ఆ శాస్త్రమునకే మారెను. జీతము కట్టుటకు తల్లి ఇంటి పింగాణి సామాను అమ్మెను. అప్పటికిని బాకీ తీరక, కుటుంబపు భూమిలో రెండు ముక్కలు కాలేజివారికి హామీగా వ్రాసి ఇయ్యవలసి వచ్చెను. పిల్లల చదువునకై తాకట్టు పత్రము వ్రాసిన మన సభ్యులకు ఈ సంగతి క్రొత్తగా తోపదు.

1929లో వుడ్స్ హోల్ సముద్రజీవ పరిశోధనాలయమునకు పోయినప్పుడు గాని ఆమె సముద్రమును కన్నులార చూడలేదు. అప్పటికి ఇరువది రెండేండ్లు. 1932లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందెను. 1935లో తండ్రి మరణింపగా ఇంటిభారము పైబడెను. ప్రభుత్వ మత్స్యశాఖకు రేడియో ప్రసంగములు వ్రాసి, 1936లో పరీక్ష నెగ్గి అందే శాస్త్రజ్ఞురాలిగా కుదిరెను.

ఆమె 1962లో ప్రకటించిన ‘సైలెంట్ స్ప్రింగ్’ అను గ్రంథము మనవంటివారికి ముఖ్యము. అందలి యొక ఉదాహరణము చెప్పుదుము. 1954లో కెనడాలోని మిరమిచీ నదీప్రాంతపు అడవులలో, చిగుళ్లు తిను పురుగును చంపుటకై విమానములనుండి ఎకరమునకు అరపౌను చొప్పున డిడిటి చల్లిరి. ఆ నదిలో సాల్మన్ అను చేప కలదు. మన గోదావరి పులస వలెనే అదియు సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు ఏటికి ఎదురీదును. రెండు దినములలో చేపలు ఒడ్డున చచ్చి పడెను. పిల్లచేపలకు ఆహారమగు నీటిపురుగులును నశించెను. ఆ యేటి పిల్లలలో, మందు పడిన మేర, ఒక్కటియు మిగులలేదు. మందు చల్లినది అడవిలో, లోటు పడినది సముద్రములో.

గ్రామములలో పిచికారి డబ్బాలను కాలువలో కడుగుట మేము చూచుచునే యున్నాము. డెల్టాలో ఆ నీరు మురుగుకాలువల గుండ సముద్రమునకే చేరును. గట్టుమీద కడిగి, ఆ నీటిని తిరిగి పైరుపైననే చల్లుట కష్టమేమియు కాదు.

మందులన్నియు మానుడని ఆమె చెప్పలేదు. గుణమెరుగక విచ్చలవిడిగా చల్లుటనే ఆక్షేపించెను. మందుల కంపెనీలు మాత్రము ఆమెపై విరుచుకపడెను. అప్పటికే ఆమెను రాచపుండు బాధించుచుండెను, 1964లో కన్నుమూసెను. అమెరికాలో 1972లో పైరులపై డిడిటి వాడుకను నిలిపిరి. మన దేశమున వ్యవసాయమునకు దానిని నిషేధించుటకు 1989 వచ్చెను.